తెలియని లోపం చెప్పాలా?

జుమా నమాజు ముగిసి జనం చెప్పులు వేసుకుంటున్న వేళ, మస్జిద్ మెట్ల మీద ఎవరైనా మసలా అడిగితే తొందరపడి చెప్పవద్దని మా ఉస్తాద్‌గారు హెచ్చరిస్తుండేవారు. అప్పుడు అడిగేవాడికీ తొందరే, చెప్పేవాడికీ తొందరే. అవుననో కాదనో ఒక్క ముక్క అనేస్తే ఇద్దరూ భోజనానికి వెళ్ళిపోవచ్చు. ఆ హెచ్చరిక మరచిపోయి నేను ఒక సోదరుడికి ఇచ్చిన జవాబే ఈ వ్యాసానికి కారణం.

ఆయనది గిద్దలూరు. బాడుగకు బండి తిప్పుకుని సంసారం నడుపుకుంటాడు. ఏడుగురు కూర్చునే ఆటోమేటిక్ బండి, క్లచ్ తొక్కే పని లేదు, గేర్లు వాటంతట అవే పడతాయి. హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఒక రాత్రి నంద్యాలలో వలీమా విందు ముగించుకున్న పెళ్ళివారిని ఎక్కించుకుని వస్తుండగా, నల్లమల ఘాట్‌లో దిగువమెట్టకు ఇంకా ఎంతో దూరం ఉండగానే బండి ఒకే గేరులో బిగుసుకుపోయింది. ముందు అద్దం కింద పసుపుపచ్చ లైటు వెలిగింది. ఎక్సలేటరు తొక్కితే ఇంజను అరుస్తుందే గానీ బండి వేగం అందుకోదు. అడవి, చీకటి, లోపల పసిపిల్లలు. బండి ఆపి, కాసేపు ఊరుకుని, మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు మామూలుగా నడిచింది.

మరునాడు మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్ళాడు. మెకానిక్ స్కానర్ తగిలించి చూసి, "గేర్ల కంప్యూటర్ పోయింది భాయ్" అన్నాడు. కొత్తది కొనే స్తోమత లేదు కనుక హైదరాబాదు నుంచి పాతది ఒకటి తెప్పించి బిగించాడు. సామానుకు 18,000, కూలికి 3,000 తీసుకున్నాడు. పన్నెండు రోజులు బండి బ్రహ్మాండంగా నడిచింది. పదమూడో రోజు మళ్ళీ అదే లైటు, మళ్ళీ అదే బిగుసుకుపోవడం. ఈసారి మెకానిక్, "అయితే గేర్ బాక్సే పోయి ఉంటుంది, లక్షన్నర దాకా అవుతుంది. నా మాట విని అమ్మేయండి. స్కానర్‌తో లైటు తీసేస్తాను, కొన్నాళ్ళు రాదు" అని సలహా ఇచ్చాడు. లైటు తీసేశాడు కూడా. బ్రోకరు బేరం కుదిర్చాడు. కొనేవారు కంభంలో ఒక బడిపంతులు గారు. తల్లిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తిప్పవలసి రావడంతో బండి వెతుక్కుంటున్నారు. 20,000 అడ్వాన్సు ఇచ్చారు. ఆదివారం కాగితాల మీద సంతకాలు.

ఇదంతా ఆ సోదరుడు నాకు ఆనాడు మెట్ల మీద చెప్పలేదు. ఆయన అడిగింది ఒక్కటే: "మౌలానా సాబ్, బండి అమ్ముతున్నాను. దానిలో ఏదో లోపం ఉంది గానీ అదేమిటో నాకే తెలియదు, మెకానిక్కుకూ తెలియదు. తెలియని లోపాన్ని కొనేవాడికి చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉందా?"

"తెలియనిదానికి బాధ్యత ఎలా ఉంటుంది? అల్లాహ్ ఎవరి మీదా వారి శక్తికి మించిన భారం మోపడు కదా!" అన్నాను. ఆయన ముఖం వికసించింది. సలాం చెప్పి వెళ్ళిపోయాడు.

ప్రియ పాఠకులారా! నా జవాబులో అబద్ధం ఏముందో చెప్పండి. ఒక్క ముక్క కూడా లేదు. అయినా అది తప్పుడు జవాబు. ఎందుకు తప్పో ఆ రాత్రి ఇషా తర్వాత గానీ నాకు తట్టలేదు.

తట్టడానికి కారణం ఒక హదీసు. అది మోటారు బండ్ల గురించినది కాదు, పాడి పశువుల గురించినది. గొర్రెనో ఒంటెనో అమ్మదలచినవాడు దాని పొదుగు కట్టేసి, రెండు మూడు రోజులు పాలు పితకకుండా ఉంచి సంతకు తోలేవాడు. నిండిన పొదుగు చూసి కొనేవాడు ఇది బాగా పాలిచ్చే పశువని భ్రమపడేవాడు. దైవప్రవక్త ముహమ్మద్ (స) దీనిని వారించారు. అలా కొన్నవాడికి పశువును ఉంచుకోవడమో, తాను పితుక్కున్న పాలకు బదులు ఒక సా ఖర్జూరాలు ఇచ్చి పశువును తిప్పి ఇచ్చేయడమో, రెండింటిలో ఒకటి ఎంచుకునే హక్కు ఇచ్చారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉంది. తిప్పి ఇవ్వడం గురించి మన హనఫీ ఇమాములకూ ఇమామ్ షాఫియీ (రహ్) తదితరులకూ భేదాభిప్రాయం ఉంది. అది పెద్ద చర్చ, ఇప్పుడు మనకు అక్కర లేదు. పొదుగు కట్టడం పాపమన్న విషయంలో మాత్రం ఏ భేదమూ లేదు.

ఇప్పుడు గమనించండి. ఆ పశువు తక్కువ పాలు ఎందుకు ఇస్తున్నదో అమ్మేవాడికి తెలుసా? జబ్బో, వయసో, మేత లోపమో, అతడు పశువైద్యుడు కాదు. కారణం తెలియకపోయినా, పాలు తక్కువని మాత్రం తెలుసు. ప్రవక్త (స) అతడిని కారణం అడగలేదు. తెలిసిన లక్షణాన్ని దాచిపెట్టినందుకు మందలించారు. బండి లైటును స్కానర్‌తో తుడిచేయడానికీ పొదుగు కట్టేయడానికీ తేడా ఏమిటి? రెండింటిలోనూ లోపం అలాగే ఉంది, దాని గుర్తు మాత్రం సంత రోజున కనిపించదు.

కాబట్టి "తెలియదు" అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ఏమీ తెలియకపోవడం ఒకటి. కారణం తెలియక, లక్షణం తెలియడం రెండోది. ఆ సోదరుడికి బండి ఘాట్‌లో బిగుసుకుపోయిందని తెలుసు, రెండుసార్లు అయిందని తెలుసు, 21,000 ఖర్చు పెట్టినా పోలేదని తెలుసు, లైటు తుడిపించానని తెలుసు. ఇన్ని తెలిసినవాడు, "లోపం ఏమిటో తెలియదు" అన్న ఒక్క నిజమైన మాట వెనుక వాటన్నింటినీ దాచుకోవచ్చా? నేను దాచుకోవచ్చన్నాను! ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పానే తప్ప, ఆయన పరిస్థితి ఏమిటో అడగలేదు.

మన ఫిఖహ్ గ్రంథాలు లోపం అంటే ఏమిటో చాలా సులువుగా నిర్వచించాయి. వ్యాపారుల అలవాటులో దేనివల్ల సరుకు ధర తగ్గుతుందో అదే లోపం. హిదాయాలో ఇదే ఉంది. దాని మూలం ఎక్కడ, వైద్యం ఏమిటి అన్న మాటే అక్కడ లేదు. మరి గిద్దలూరు బస్టాండు దగ్గర నిలబడే ఏ బ్రోకరునైనా అడగండి, "ఘాట్‌లో రెండుసార్లు ఆగిన బండికి ధర తగ్గుతుందా?" అని. నవ్వుతాడు! అంటే ఆ ఆగిపోవడమే లోపం. అది తెలిసిందంటే లోపం తెలిసినట్టే.

ధాన్యపు రాశి సంఘటన మన ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. ప్రవక్త (స) మదీనా బజారులో ఒక రాశిలోకి చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. ఆ మాట అబద్ధమని ప్రవక్త (స) అనలేదు. తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని అడిగారు, మోసగించేవాడికి తనతో సంబంధం లేదన్నారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. వాన కురిపించినవాడు వర్తకుడు కాదు, కనుక తడి అతడి తప్పు కాదు. తడిని అడుగున ఉంచడం మాత్రం అతడి చేతి పనే.

శనివారం ఫజ్ర్ కాగానే ఆ సోదరుడి ఇంటికి వెళ్ళాను. "నిన్న నేను చెప్పింది పొరపాటు. పంతులు గారికి జరిగినదంతా చెప్పాలి" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. రావడం సహజమే. "నిన్న వద్దన్నారు, ఈ రోజు చెప్పమంటున్నారు. సరే మౌలానా సాబ్, నేను కొన్నప్పుడు నాకు ఎవరు చెప్పారు? హైదరాబాదువాడు నన్ను ముంచాడు. మెకానిక్కు ముంచాడు. ఇప్పుడు మీ మాట వింటే బేరం కూడా పోతుంది. అందరూ ముంచిన తర్వాత చివర మునిగేవాడిని నేనేనా?"

పాఠకులారా, ఈ ప్రశ్నను తేలికగా తీసుకోకండి. పేదవాడి నోటి నుంచి వచ్చిన ఈ ప్రశ్న ముందు పుస్తకం తెరిచి పేజీ చూపిస్తే సరిపోదు. అయినా నాకు గుర్తొచ్చింది ఒక పుస్తకమే. ఇమామ్ గజాలీ (రహ్) ఇహ్యా గ్రంథంలో సంపాదన మర్యాదల అధ్యాయంలో దొంగ నాణెం గురించి రాశారు. చేతికి దొంగ నాణెం వస్తే దాన్ని మరొకరికి అంటగట్టకూడదు, మళ్ళీ ఎవరి చేతికీ చిక్కకుండా బావిలో పారేయాలి అని. ఎందుకంటే ఆ నాణెం చేతులు మారిన కొద్దీ నష్టపోయేవారు పెరుగుతూనే ఉంటారు, మొదట చలామణి చేసినవాడి ఖాతాలో అదంతా జమ అవుతూనే ఉంటుంది. ఈ మాట చెప్పాను. "బండిని బావిలో పారేయమంటారా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుతో కోపం కాస్త చల్లారింది.

బావిలో పారేయనక్కర లేదు. దొంగ నాణేనికి విలువే లేదు, లోపమున్న బండికి ఎంతో కొంత విలువ ఉంది. ఆ లోపం చెప్పి, ఆ ధరకు అమ్మితే అది పూర్తిగా హలాల్. షరీఅత్ పాత సామాను అమ్మవద్దనలేదు, లోపమున్న సామాను అమ్మవద్దని కూడా అనలేదు.

అప్పుడు ఆయన బ్రోకరు నేర్పిన మాట ఒకటి బయటపెట్టాడు. "ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాను, తర్వాత ఏ లోపం బయటపడినా నాకు సంబంధం లేదు" అని కాగితంలో రాయించుకుంటే సరిపోతుందట! ఇక్కడ నేను నిజం దాచకుండా చెప్పాలి. హనఫీ ఫిఖహ్ ప్రకారం అలాంటి షరతుతో జరిగిన అమ్మకం చెల్లుతుంది. లోపాలన్నీ పేరుపేరునా చెప్పకపోయినా, ఆ షరతుకు ఒప్పుకుని కొన్నవాడు తర్వాత లోపం పేరుతో సరుకు తిప్పి ఇవ్వలేడు. బ్రోకరుకు ఏ మదరసా చదువూ లేకపోయినా ఈ మసలా సగం తెలుసు!

రెండో సగం ఏమిటంటే, మన ధర్మవేత్తలు ఒకే విషయాన్ని రెండు విధాలుగా చూస్తారు. ఖాజీ ముందు ఏది చెల్లుతుంది అన్నది ఒకటి, దానిని ఖజాఅన్ అంటారు. దాసుడికీ అల్లాహ్‌కూ మధ్య ఏది చెల్లుతుంది అన్నది రెండోది, దానిని దియానతన్ అంటారు. ఖాజీ కాగితాన్నీ సాక్షులనూ చూస్తాడు, మనసులోకి చూడలేడు. ఆ షరతు పెట్టినది అసలు తనకేమీ తెలియని మనిషైతే, అది అతడికి న్యాయమైన రక్షణ. తెలిసి పెట్టినవాడికి అదే షరతు ఖాజీ నుంచి కాపాడుతుంది, ఖాజీలందరి ప్రభువు నుంచి కాపాడదు. లోపం తెలిసి దాచడం నిషిద్ధమని ఈ షరతును ఒప్పుకున్న మన హనఫీ పండితులే స్పష్టంగా రాశారు.

ఆ ఇమామ్ అబూ హనీఫా (రహ్) స్వయంగా కూఫాలో బట్టల వ్యాపారి. ఆయన భాగస్వామి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్ చేతికి సరుకు అప్పగిస్తూ, ఫలానా బట్టలో లోపం ఉంది, అమ్మేటప్పుడు చెప్పు అని హెచ్చరించారు. హఫ్స్ మరచిపోయి అమ్మేశాడు, ఎవరు కొన్నారో కూడా గుర్తులేదు. సంగతి తెలిసి ఇమామ్ గారు ఆ సరుకు మొత్తం మీద వచ్చిన ధరను దానం చేసేశారు. ఖతీబ్ బగ్దాదీ తన తారీఖులో ఈ సంఘటన నమోదు చేశారు. ఇమామ్ గారి భాగస్వామికి కొన్నవాడు ఎవరో తెలియలేదు. మన సోదరుడికి కొనేవారి పేరు తెలుసు, ఇల్లు తెలుసు, ఆయన తల్లి జబ్బు కూడా తెలుసు.

ఒక మాట అడిగాను. "రెండోసారి లైటు వెలిగిన తర్వాత ఘాట్ దాటించి ఎవరినైనా తీసుకెళ్ళారా?" రెండు బాడుగలు వెళ్ళానన్నాడు. ఎక్కినవారికి చెప్పారా అని అడిగాను. తల వంచుకున్నాడు. బండి కొనేవాడు డబ్బు పోగొట్టుకుంటాడు, ఎక్కినవాడు అడవిలో అర్ధరాత్రి పోగొట్టుకునేది డబ్బే కాకపోవచ్చు. ఆ విషయం ఇంతకు మించి పొడిగించలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కంభం వెళ్ళాం. ఆయన పంతులు గారికి అంతా చెప్పాడు, లైటు తుడిపించిన సంగతితో సహా. పంతులు గారు మన మతస్థులు కారు. చాలాసేపు మౌనంగా ఉండి, "ఇంతకీ దానికి ఏమైందో తెలుసుకోవాలి కదండీ" అన్నారు. సోమవారం బండిని ఒంగోలులో ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. నాకు ఈ యంత్రం సంగతి కొద్దో గొప్పో తెలిసింది అక్కడే.

ఆటోమేటిక్ బండిలో డ్రైవరు చెయ్యి చేసే పనిని ఒక చిన్న డబ్బా చేస్తుంది. దాన్ని ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్ అంటారు. బండి ఎంత వేగంతో పోతోంది, ఎక్సలేటరు ఎంత తొక్కారు, గేర్ బాక్సు లోపలి ఇరుసులు ఎంత వేగంగా తిరుగుతున్నాయి, నూనె ఎంత వేడెక్కింది, ఇవన్నీ వైర్ల ద్వారా ఆ డబ్బాకు కబురు అందుతాయి. అది లెక్క వేసి ఏ గేరు ఎప్పుడు పడాలో ఆజ్ఞ ఇస్తుంది. గేర్ బాక్సులోని చిన్న చిన్న కరెంటు కవాటాలు ఆ ఆజ్ఞ ప్రకారం నూనెను వదలడమో ఆపడమో చేస్తాయి. వచ్చిన కబుర్లలో పొంతన లేకపోతే ఆ డబ్బా ఊహించి గేర్లు వేయదు. గేర్ బాక్సు పాడైపోకుండా ఒకే గేరులో నిలిపేసి, లైటు వెలిగించి, నాకు నమ్మకమైన సమాచారం అందడం లేదు అని డ్రైవరుకు తెలియజేస్తుంది. నిజం చెప్పాలంటే ఈ కథలో మొదట "నాకు తెలియదు" అన్నది ఆ డబ్బాయే!

ఒంగోలు మెకానిక్ డబ్బా జోలికే పోలేదు. మీటరు పట్టుకుని ఒక్కో వైరు చూసుకుంటూ పోయాడు. ముప్పావు గంట తర్వాత డబ్బాకు వెళ్ళే ప్లగ్గు ఊడదీసి మాకు చూపించాడు. లోపల రెండు పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుము. ఎప్పుడో నీళ్ళు దూరాయి. బండి అదిరినప్పుడు ఆ పిన్నులు ఆనేవి కావు, అదురు తగ్గగానే ఆనేవి. శుభ్రం చేసి, ఒక వైరు మార్చి, నీళ్ళు దూరకుండా బిగించి 700 తీసుకున్నాడు.

మరి మొదటి మెకానిక్ డబ్బా మార్చిన తర్వాత పన్నెండు రోజులు ఎలా నడిచింది? డబ్బా మార్చాలంటే ఆ ప్లగ్గు ఊడదీసి మళ్ళీ గుచ్చాలి. ఆ రాపిడికి పిన్నుల మీద చిలుము కాస్త రాలింది. అంతే. 18,000 రూపాయల సామాను కాదు, ప్లగ్గు ఊడదీసి పెట్టడమే ఆ పన్నెండు రోజులు బండిని నడిపింది. నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. మందు వేయగానే జ్వరం తగ్గితే మందు వల్లే తగ్గిందని వైద్యుడు నమ్ముతాడు, రోగి నమ్ముతాడు, ఊరంతా నమ్ముతుంది. ఊహ ఫలించినట్టు కనిపిస్తే అది జ్ఞానంగా చెలామణి అయిపోతుంది.

ఇక మొదటి మెకానిక్ సంగతి. అతడు కూడా మా మస్జిద్‌లోనే నమాజు చేస్తాడు. అందరి ముందూ దొంగ అనిపించుకోవలసి వస్తుందేమోనని కుమిలిపోయాడు. "హజ్రత్, నేను అబద్ధం చెప్పలేదు. అల్లాహ్ సాక్షిగా డబ్బాయే పోయిందనుకున్నాను. స్కానర్‌లో దాని పేరే వచ్చింది" అన్నాడు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అయితే మంచి ఉద్దేశంతో తప్పు చేసినవాడి మీద బాధ్యత ఉండదా?

ప్రవక్త (స) ఒక సూత్రం చెప్పారు. వైద్యం తెలిసినవాడిగా పేరు లేకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడు. అబూ దావూద్, నసాయీ గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. అతడి ఉద్దేశం చెడ్డదని అక్కడ లేదు. రోగిని చంపాలని ఎవడు వైద్యం చేస్తాడు? తెలియని విద్యను తెలిసినట్టు చూపి ఇతరుల ప్రాణం మీదో సొమ్ము మీదో ప్రయోగించడమే అక్కడ తప్పు. మన మెకానిక్ డీజిల్ ఇంజను పనిలో దిట్ట, చుట్టుపక్కల అందరూ ఒప్పుకుంటారు. ఆటోమేటిక్ గేర్లు మాత్రం అతడి విద్య కాదు. మరో సంగతి కూడా ఉంది. మనస్ఫూర్తిగా శ్రమించి తీర్పు చెప్పే న్యాయమూర్తి పొరబడినా అతడికి ఒక పుణ్యం ఉందని హదీసులో వచ్చింది. అయితే ఆ పుణ్యం శ్రమకు. "వైర్లు చూశావా?" అని అడిగితే చూడలేదన్నాడు. స్కానర్‌లో వచ్చే కోడ్ ఫిర్యాదు లాంటిది. ఎక్కడ బాధ ఉందో చెబుతుంది, ఎవరు దోషో చెప్పదు. ఫిర్యాదు చదవగానే తీర్పు చెప్పే ఖాజీని ఏమంటాం?

అతడిని నిందించే అర్హత నాకు ఎంత ఉందో నాకు తెలుసు. అతడు కోడ్ చూసి డబ్బా మార్చాడు, నేను ప్రశ్న విని ఫత్వా ఇచ్చాను. ఇమామ్ మాలిక్ (రహ్) అంతటివారు దూరం నుంచి వచ్చినవారి ముందు కూడా చాలా ప్రశ్నలకు "నాకు తెలియదు" అనేవారని చరిత్ర చెబుతోంది. నేను మెట్ల మీద ఆ మాట అని ఉంటే సరిపోయేది.

ఫిఖహ్ దృష్టిలో మెకానిక్, దర్జీ, చాకలి వంటివారు అందరి పనీ చేసిపెట్టే ఉమ్మడి పనివారు. చాకలి బండకేసి ఉతికినప్పుడు బట్ట చిరిగితే, కావాలని చింపకపోయినా, అతడి పని వల్ల జరిగింది కనుక నష్టం భరించాలని హనఫీ ఇమాములు చెప్పారు. అయితే ఇక్కడ నష్టం ఏమిటన్నది మొదట తేల్చాలి. కూలి సంగతి చూస్తే, "గేర్ల కంప్యూటర్ మార్చిపెట్టు" అని యజమానే అడిగి ఉంటే మార్చినందుకు కూలి వస్తుంది. "గేర్లు బిగుసుకుపోతున్నాయి, బాగుచేయి" అని అడిగి ఉంటే, బాగుపడలేదు కనుక కూలి రాదు. ఇక్కడ ఇద్దరూ రెండో మాటే జరిగిందని ఒప్పుకున్నారు.

సామాను సంగతి ఇంకా చిక్కు. తెప్పించిన డబ్బా బండిలోనే ఉంది, బాగానే పనిచేస్తోంది. ఊడదీసిన అసలు డబ్బా ఏమైంది? మెకానిక్ దాన్ని పాత సామాను కొనేవాడికి 4,000కు అమ్మేసుకున్నాడు! "పాడైపోయిన సామాను కదా హజ్రత్, ఎవరూ అడగరు" అన్నాడు. మన ప్రాంతంలో ఏ షెడ్డులోనైనా జరిగేది ఇదే. కానీ ఊడదీసిన ప్రతి బోల్టూ బండి యజమానిది. అది మెకానిక్ చేతిలో అమానత్. యజమాని "నువ్వే ఉంచుకో" అంటే తప్ప దాని మీద అతడికి ఏ హక్కూ లేదు. పైగా అది పాడైపోలేదు. పాడైందని తన ఊహే చెప్పింది, ఆ ఊహ మీద ఆధారపడి అమ్ముకున్నదీ తనే. అతడు హైదరాబాదు వెళ్ళి వెతికాడు. అది అప్పటికే ఎవరి బండిలోనో చేరిపోయింది.

పెద్ద కంపెనీల పద్ధతి ఇక్కడ చెప్పుకోదగినది. 2004లో హోండా కంపెనీ అమెరికాలో సుమారు 11 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. రెండో గేరు వేడెక్కి గేర్ బాక్సు బిగుసుకుపోవచ్చన్నది కారణం. అక్కడి మన తెలుగు కుటుంబాలు పిల్లల కోసం ఇష్టపడి కొనే ఒడిస్సీ వ్యాను కూడా అందులో ఉంది. మనకు దగ్గరలో చూస్తే, పెనుకొండలో తయారయ్యే కియా కారెన్స్ బండ్లను 2022 అక్టోబరులో 44,174 వెనక్కి పిలిచారు, ఎయిర్ బ్యాగ్ కంట్రోల్ డబ్బా సాఫ్ట్‌వేరులో తేడా ఉండవచ్చని. 2024 ఫిబ్రవరిలో అదే కంపెనీ 4,358 ఆటోమేటిక్ సెల్టోస్ బండ్లలో గేర్ నూనె పంపును నడిపే కంట్రోలరును ఉచితంగా మార్చిపెడతామని ప్రకటించింది. ప్రతి బండిలోనూ లోపం ఉందని వారు చెప్పలేదు. ఉండవచ్చు, తెచ్చి చూపించుకోండి అన్నారు. అంటే తేలని లోపాన్ని కూడా చెప్పారు. వారిని నడిపించింది దైవభీతి అని నేను అనను. చట్టం, పేరు పోతుందన్న భయం, కోర్టు ఖర్చు, అన్నీ ఉంటాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం లోపమున్న బండ్లను వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది కూడా. వారికి చట్టం ఉంది. మన గిద్దలూరు సోదరుడికీ, పంతులు గారికీ మధ్య ఉన్నది ఒక్క బ్రోకరే.

ఇద్దరినీ కూర్చోబెట్టాం. ఆ పని తెలిసిన ఇద్దరు మనుషులు అసలు డబ్బాకు బజారు ధర 12,000 అని లెక్క కట్టారు. అందులో 4,000కే అమ్మానన్న మాట చెల్లదు, ఎందుకంటే తన సొత్తు కానిదాన్ని అమ్మినవాడు దాని అసలు విలువ ఇవ్వాలి గానీ తనకు వచ్చింది కాదు. కూలి 3,000తో కలిపి 15,000. సోదరుడు కాసేపు ఆలోచించి 5,000 మాఫీ చేశాడు. ఆ మాఫీ నేను అడగలేదు. కంభం నుంచి వచ్చిన రోజు నుంచీ ఆయన తీరులో ఏదో మార్పు ఉంది. మిగిలిన 10,000 వారానికి 500 చొప్పున, జుమా నాడు, మస్జిద్‌లో ఇవ్వాలని ఒప్పందం రాసుకున్నారు.

పంతులు గారు బండి కొనలేదు. బాగైందని కళ్ళారా చూసినా, తల్లిని ఎక్కించాలంటే మనసు ఒప్పడం లేదని మర్యాదగా చెప్పారు. అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాడు మన సోదరుడు. సత్యం చెబితే వెంటనే బేరం కుదిరి లాభం వస్తుందని నేను ఆయనకు మాట ఇవ్వలేదు, పాఠకులకూ ఇవ్వడం లేదు. నిజం చెప్పి, లోపాన్ని వివరించి చేసే వ్యాపారంలో బర్కత్ ఉంటుందని ప్రవక్త (స) తెలియజేశారు. ఆ బర్కత్ ఏ రూపంలో, ఎప్పుడు వస్తుందో అల్లాహ్‌కే తెలుసు. ఆయన బండి మళ్ళీ నంద్యాల బాడుగలకు ఘాట్ ఎక్కుతోంది, ఆ లైటు ఇంతవరకు మళ్ళీ వెలగలేదు.

మొన్న జుమాకు మెకానిక్ పదకొండో వాయిదా ఇచ్చాడు. మెట్ల మీద నన్ను ఒక మసలా అడగబోయాడు. అసర్ తర్వాత షెడ్డుకు వస్తానని చెప్పాను.